30 గంటల కోడ్ ఉంది, సీటు లేదు. కౌన్సిల్‌కి వచ్చిన డబ్బు ఎక్కడ ఆగుతోంది?

#1 దోసెపెనం
మేం ఇంగ్లండ్‌లో ఎం4 మోటార్‌వే పక్కన ఒక ఊళ్లో ఉంటాం. పాపకు రెండేళ్ల నాలుగు నెలలు. ఇద్దరం ఉద్యోగస్తులమే, ఐఎల్ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చి ఏడాది దాటింది. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల పిల్లలకు తొమ్మిది నెలలు నిండితే చాలు, ఈ సెప్టెంబర్ (2025) నుంచి నర్సరీ 30 గంటలు ఫ్రీ అన్నారు కదా అని ఆగస్టు 31 లోపే సర్కారు ఇచ్చే 11 అంకెల అర్హత కోడ్ తెచ్చుకుని నర్సరీలో ఇచ్చాను.

నర్సరీ వాళ్లు ఏమన్నారంటే, ఫండెడ్ (సర్కారు డబ్బిచ్చే) సీట్లు నిండిపోయాయట. కానీ రోజుకు 14 పౌండ్లు 'కన్స్యూమబుల్స్' (భోజనం, డైపర్ల లాంటి ఖర్చులు) కడితే మంగళ, బుధవారాలు సర్దుతారట. పూర్తి ఫీజు కడితే మాత్రం సోమవారం నుంచే రావచ్చట! అంటే సీటు ఉంది, ఫ్రీ సీటు లేదు.

కౌన్సిల్‌కి (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) ఫోన్ చేశాను. "డబ్బు పిల్లతో పాటే వస్తుంది, మేం నర్సరీకి ఇచ్చేస్తాం, సీటు ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం" అన్నారు. ఆ మాటే నర్సరీ మేనేజర్‌కి చెబితే నవ్వింది. "కౌన్సిల్ ఇచ్చే రేటు మాకు గిట్టదు. రోడ్డు దాటితే పక్క కౌన్సిల్ వాళ్లు రెండేళ్ల పిల్లకు గంటకు దాదాపు పౌండు ఎక్కువ ఇస్తున్నారు, వాళ్లనే అడగండి" అంది.

రోడ్డుకు అటు ఒక రేటు, ఇటు ఒక రేటు ఏమిటి? సర్కారు ఇచ్చింది కౌన్సిల్ పూర్తిగా నర్సరీలకు ఇస్తోందా, మధ్యలో ఏమైనా ఉంచుకుంటోందా? దీనికి జవాబు చెప్పాల్సింది ఎవరు?

#2 చలిపులి
జవాబు చెప్పాల్సింది మీ అత్తగారు. టికెట్ బుక్ చేసి రప్పించండి, ఆరు నెలలు నిశ్చింత.

#3 వానలో_గొడుగు
#2 మా అత్తగారు వచ్చి ఆరు నెలలు ఉన్నారు బాబూ. నర్సరీ ఫీజే నయం అనిపించింది.

#4 దోసెపెనం
అమ్మకు మోకాళ్ల నొప్పులు, అత్తయ్యకు చలి పడదు. ఆ దారి మూసేసి మాట్లాడుకుందాం.

#5 రికర్షన్_రావు
ముందు ఒక అపోహ తీసేస్తాను. 30 గంటలంటే వారానికి 30, కానీ 38 వారాలకే. మొత్తం 1140 గంటలు. మీ నర్సరీ ఏడాదికి 51 వారాలు తెరిచి ఉంటే, దాన్ని పరిచి ఇస్తే వారానికి 22 గంటల చిల్లర వస్తుంది. వాళ్ల రోజు పది, పదకొండు గంటలదైతే అది రెండు రోజులే. కాబట్టి 'మంగళ, బుధ' అనడం మోసం కాదు, లెక్క అంతే. ఆ 14 పౌండ్ల సంగతి వేరు.

#6 దోసెపెనం
#5 ఇది ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు వస్తాయని ఆఫీసులో కూడా చెప్పేశాను.

#7 మినపసున్ని
మీకు ఆ కోడ్ అయినా వచ్చింది. మేం స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నాం, వీసా షరతుల్లో 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' (సర్కారు సాయాలకు అర్హత లేదు) అని రాసి ఉంది. ఇద్దరం పన్ను కడతాం, ఎన్‌ఐ (నేషనల్ ఇన్సూరెన్స్) కడతాం, ఎన్‌హెచ్‌ఎస్ సర్‌ఛార్జ్ వేరే. ఈ 30 గంటలు మాకు లేవు, టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ (నర్సరీ ఫీజుకు సర్కారు కొంత కలిపే పథకం) లేదు. బాబుకు ఇప్పుడు ఇరవై నెలలు. నెల జీతంలో సగం పైగా నర్సరీకే.

#8 రికర్షన్_రావు
#7 ఇద్దరిలో ఒకరికి ఐఎల్ఆర్ గానీ సిటిజన్‌షిప్ గానీ ఉంటే కోడ్ వస్తుంది. ఇద్దరిదీ అదే వీసా అయితే రాదు. కానీ మూడేళ్లు నిండాక వచ్చే మామూలు 15 గంటలకు వీసాతో పనిలేదు, పిల్లలందరికీ ఉంది. పుట్టినరోజు తర్వాతి టర్మ్ నుంచి మొదలు. దానికి కోడ్ కూడా అక్కర్లేదు, నర్సరీలో ఫారం నింపితే చాలు. చాలామంది మనవాళ్లు మనకు రాదులే అనుకుని వదిలేస్తున్నారు.

#9 మినపసున్ని
నిజమా! నర్సరీలో అడిగితే "వీసా చూపించండి, బహుశా రాదు" అన్నారు. మళ్లీ అడుగుతాను.

#10 లక్షకు_ఒక్కటి_తక్కువ
ఇంకో వర్గం కూడా ఉంది, మా బాధ ఎవరూ వినరు. ఇద్దరిలో ఒకరి ఆదాయం లక్ష పౌండ్లు దాటితే మూడేళ్ల లోపు పిల్లలకు 30 గంటలు మొత్తం పోతాయి. ఒక్క పౌండు దాటినా అంతే. బోనస్ వచ్చిందని మా ఆవిడతో చెబితే "వద్దని చెప్పు" అంది.

#11 చలిపులి
#10 మీ కష్టానికి చందాలు వసూలు చేస్తాం ఉండండి.

#12 వానలో_గొడుగు
#10 పెన్షన్‌లో పడేయండి, లెక్కలోకి వచ్చే ఆదాయం తగ్గుతుంది. ఈ ముక్క మీ ఆఫీసులో తెలుగువాళ్లు ఎవరిని అడిగినా చెబుతారు.

#13 నర్సరీ_అక్క
మిడ్‌ల్యాండ్స్‌లో ఒక నర్సరీకి డిప్యూటీ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. అసలు ప్రశ్నకు మా వైపు నుంచి చెబుతాను.

'ఫ్రీ' అనే మాటే మా ప్రాణం తీస్తోంది. తల్లిదండ్రులకు ఫ్రీ, సర్కారుకు కాదు, మాకు అసలే కాదు. రెండేళ్ల పిల్లలు ఐదుగురికి ఒక మనిషి ఉండాలి (2023 సెప్టెంబర్ దాకా నలుగురికి ఒకరు). రెండేళ్ల లోపు వాళ్లయితే ముగ్గురికి ఒకరు. మూడు, నాలుగేళ్ల వాళ్లు ఎనిమిది మందికి ఒకరు. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. యజమాని కట్టే ఎన్‌ఐ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది, పైగా ఏడాది జీతం 9,100 దాటాక కట్టేది ఇప్పుడు 5,000 దాటగానే కట్టాలి. మా దగ్గర చాలామంది పార్ట్‌టైం, ఇంతకు ముందు వాళ్ల మీద ఎన్‌ఐ దాదాపు ఉండేదే కాదు.

ఇదివరకు ఫ్రీ గంటల మీద పోయింది, ఫీజు కట్టే చిన్నపిల్లల మీద రాబట్టుకునేవాళ్లం. ఇప్పుడు చిన్నపిల్లలు కూడా ఫండింగ్‌లోకి వచ్చారు. అంటే మా ఆదాయంలో చాలా భాగం రేటు కౌన్సిల్ చేతిలోకి వెళ్లింది. అందుకే కొన్ని నర్సరీలు ఫండెడ్ సీట్లకు హద్దు పెట్టుకుంటున్నాయి. దోసెపెనం గారి మేనేజర్ అబద్ధం చెప్పలేదు.

#14 దోసెపెనం
#13 మీ ఇబ్బంది అర్థమైంది అక్కా. కానీ ఆ 14 పౌండ్లు దేనికి? పాపకు డైపర్లు మేమే పంపుతాం, భోజనం కూడా ఇంటి నుంచే.

#15 నర్సరీ_అక్క
భోజనానికి, డైపర్లకు, బయటికి తీసుకెళ్లడానికి తీసుకోవచ్చు. కానీ అది మీ ఇష్టం మీద ఉండాలి, అది కడితేనే ఫ్రీ సీటు అనకూడదు. గంటకు ఇంత అని టాప్‌అప్ అసలే తీసుకోకూడదు. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిబంధనలు మళ్లీ స్పష్టంగా రాసింది. బిల్లులో ఫ్రీ గంటలు, కొనుక్కున్న గంటలు, భోజనం, మిగతావి విడివిడిగా చూపాలని. మీ నర్సరీని అలా విడదీసిన ఇన్‌వాయిస్ అడగండి. గట్టిగా కాదు, మెయిల్లో మర్యాదగా.

(మా దగ్గరా ఒక చార్జీ ఉంది, తొమ్మిది పౌండ్లు. కట్టనంటే మేం ఏమీ అనం. కానీ కట్టకపోవచ్చు అని మేమై చెప్పం కూడా. అంతవరకు ఒప్పుకుంటున్నాను.)

#16 వానలో_గొడుగు
#15 చివరి మూడు వాక్యాలకు దండం.

#17 రికర్షన్_రావు
ఇక డబ్బు దారి. నేను ఒక ప్రైమరీ స్కూల్లో పేరెంట్ గవర్నర్‌ని (బడి పాలకమండలిలో తల్లిదండ్రుల ప్రతినిధిని), ఈ కాగితాలు కాస్త చదివాను. ఓపికగా చదవండి.

లండన్‌లోని విద్యాశాఖ ప్రతి కౌన్సిల్‌కి గంటకు ఇంత అని రేటు కడుతుంది. 2025-26కి దేశ సగటు రెండేళ్ల లోపు వాళ్లకు 11.54 పౌండ్లు, రెండేళ్ల వాళ్లకు 8.53, మూడు నాలుగేళ్ల వాళ్లకు 6.12. ఇది సగటు మాత్రమే. జాతీయ ఫార్ములా ప్రకారం ఆ ప్రాంతంలో జీతాలు, అద్దెలు, పేద పిల్లల శాతం చూసి కౌన్సిల్ కౌన్సిల్‌కి మారుతుంది. రోడ్డుకు అటూ ఇటూ తేడా రావడానికి మొదటి కారణం ఇది, దీనిలో మీ కౌన్సిల్ తప్పేమీ లేదు.

రెండో కారణం కౌన్సిల్‌దే. 2025-26లో వచ్చిన దాంట్లో కనీసం 96 శాతం నర్సరీలకు ఇచ్చేయాలి. 2024-25 దాకా 95, 2025 ఏప్రిల్ నుంచి 96. అందరూ ఇక్కడే బోల్తా పడతారు. 8.53లో 96 శాతం అంటే 8.19 కదా, మా నర్సరీకి 8.19 రావాలి కదా అనుకుంటారు. అలా రాదు. ఆ 96లోనే నాలుగు వాటాలు ఉన్నాయి. అందరికీ ఇచ్చే బేస్ రేటు. పేద కుటుంబాల పిల్లలకు ఇచ్చే అదనం, ఇది మూడు నాలుగేళ్ల వాళ్ల విషయంలో తప్పనిసరి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల నిధి. ఇవి కాక, ఏడాది మధ్యలో పిల్లలు పెరిగితే పనికొస్తాయని పక్కన పెట్టే కంటింజెన్సీ. ఈ కంటింజెన్సీ ఇంకా ఏ నర్సరీకీ చేరకపోయినా 'నర్సరీలకు ఇచ్చిన 96'లోనే లెక్క!

మీ నర్సరీ చేతికొచ్చే బేస్ రేటు ఎంత ఉండాలో చట్టం చెప్పదు. అది కౌన్సిల్ గీసుకునే గీత.

#18 ఆవకాయ_అంబాసిడర్
అంటే అన్నం వండాం, 96 శాతం వడ్డించాం అని చెప్పి, అందులో కొంత గిన్నెలోనే ఉంచి 'ఎవరైనా వస్తారేమో' అంటారన్నమాట. చుట్టాలు రాకపోతే ఆ అన్నం ఎవరు తింటారు?

#19 రికర్షన్_రావు
#18 సరైన ప్రశ్న. మిగిలింది స్కూళ్ల గ్రాంట్ ఖాతాలోనే ఉండాలి, రోడ్లకూ చెత్తబండ్లకూ వాడకూడదు. కానీ ఆ ఖాతాలో ప్రత్యేక అవసరాల పిల్లల విభాగం చాలా కౌన్సిళ్లలో పెద్ద లోటులో ఉంది. ఖాతా ఒక్కటే కాబట్టి ఏడాది చివర ఇక్కడి మిగులు అక్కడి గుంతను కాస్త పూడ్చినట్టు కనిపిస్తుంది. తిన్నారని నేను అనడం లేదు. మిగిలింది మిగిలినట్టు, ఏ పిల్లల పేరు మీద వచ్చిందో ఆ పిల్లల దగ్గరికి మరుసటి ఏడాదైనా వెళ్లిందా అని ఎవరూ అడగడం లేదంటున్నాను.

#20 కొబ్బరాకు
#19 ప్రత్యేక అవసరాల పిల్లల గుంతను పూడ్చడం అంత చెడ్డ పనా? మా బాబుకు ఆటిజం. నర్సరీలో వాడికి పక్కన ఒక మనిషి కావాలి. మీరు చెప్పిన ఆ ప్రత్యేక అవసరాల నిధికి (ఇంక్లూజన్ ఫండ్) నర్సరీ దరఖాస్తు పెడితే కౌన్సిల్ ప్యానెల్ ఒక టర్మ్ అంతా తీసుకుంది. ఆ టర్మ్‌లో నన్ను వారానికి మూడుసార్లు "వచ్చి తీసుకెళ్లండి" అని పిలిచేవాళ్లు. ఉద్యోగం సగం రోజులకు మార్చుకున్నాను. డబ్బు ఖాతాలో మిగిలి ఉందని ఇప్పుడు వింటుంటే కడుపు మండుతోంది, కానీ అది వీడిలాంటి పిల్లలకే వెళ్తే నాకు అభ్యంతరం లేదు.

#21 రికర్షన్_రావు
#20 మీరన్నది నిజం, నా మాట తొందరపాటు. చిన్నపిల్లల దగ్గరే త్వరగా ఇస్తే ఆ గుంత తగ్గుతుందని నా ఉద్దేశం, సరిగ్గా చెప్పలేదు.

#22 నర్సరీ_అక్క
#20 బాబుకు డీఎల్ఏ (వైకల్యం ఉన్న పిల్లలకు సర్కారు ఇచ్చే భత్యం) వస్తోందా? వస్తే డిసెబిలిటీ యాక్సెస్ ఫండ్ అని వేరే ఉంది, 2025-26కి 938 పౌండ్లు, ఒకేసారి నర్సరీకి వస్తుంది. ఏ నర్సరీకి ఇవ్వాలో మీరే రాసివ్వాలి. మీ నర్సరీ వాళ్లకు తెలియకపోవచ్చు, నాకే మూడేళ్ల క్రితం ఒక తల్లి చెబితే తెలిసింది.

#23 కొబ్బరాకు
డీఎల్ఏ వస్తోంది. ఈ ఫండ్ పేరు మొదటిసారి వింటున్నాను. రేపే అడుగుతా. థాంక్స్ అక్కా.

#24 రికర్షన్_రావు
మన తెలుగువాళ్లకు పనికొచ్చే ముక్క ఒకటి మరిచాను. మూడు నాలుగేళ్ల పిల్లల జాతీయ ఫార్ములాలో 1.5 శాతం ఇంట్లో ఇంగ్లీషు కాని భాష మాట్లాడే పిల్లల లెక్క మీద వస్తుంది. ఆ లెక్క ప్రైమరీ బడుల నుంచి తీసుకుంటారు. అంటే మన పిల్లలు ఇంట్లో 'అమ్మా ఆకలి' అంటున్నందుకు కౌన్సిల్‌కి నాలుగు డబ్బులు వస్తున్నాయి. కానీ కౌన్సిల్ ఆ భాష అదనాన్ని నర్సరీలకు విడిగా ఇవ్వాలని లేదు, ఇస్తే ఇవ్వొచ్చు. పేదరికం అదనం ఒక్కటే తప్పనిసరి.

#25 చలిపులి
#24 మా వాడు ఇంట్లో కూడా పెప్పా పిగ్ ఇంగ్లీషే మాట్లాడతాడు. కౌన్సిల్‌కి నష్టం తెచ్చిన వెధవ.

#26 ఆవకాయ_అంబాసిడర్
మీ ఇంగ్లండ్ బాధ చూస్తే స్కాట్లండ్ వచ్చేయమనిపిస్తోంది. ఇక్కడ 2021 ఆగస్టు నుంచి మూడు, నాలుగేళ్ల పిల్లలందరికీ ఏడాదికి 1140 గంటలు. అమ్మానాన్నలు ఉద్యోగం చేసినా చేయకపోయినా. కోడ్ లేదు, మూడు నెలలకోసారి రీకన్ఫర్మ్ అనే టెన్షన్ లేదు.

#27 వానలో_గొడుగు
#26 రెండేళ్ల పాపకు?

#28 ఆవకాయ_అంబాసిడర్
#27 కొన్ని కుటుంబాలకే. సరే, ఆ పాయింట్ మీదే. వాన కూడా ఎక్కువే.

#29 అంగన్‌వాడీ_టీచర్_కొడుకు
మా అమ్మ ప్రకాశం జిల్లాలో ఇరవై రెండేళ్లు అంగన్‌వాడీ టీచర్. 1975లో మొదలైన ఐసీడీఎస్, అన్నీ లోపాలే అంటారు, నిజమే. అమ్మ జీతం పెంచమని రోడ్డెక్కిన రోజులు కూడా ఉన్నాయి. కానీ ఆ సెంటర్ గోడ మీద ఏ రోజు ఏం పెట్టాలో మెనూ రాసి ఉండేది. గుడ్డు లేని రోజు ఊళ్లో అమ్మలక్కలు వచ్చి అమ్మను నిలదీసేవాళ్లు. గుడ్డు రాకపోవడం అమ్మ తప్పు కాదు, అయినా నిలదీసేవాళ్లు. ఎందుకంటే గోడ మీద ఉంది కాబట్టి.

ఇక్కడ అన్నీ వెబ్‌సైట్‌లో ఉంటాయి, పీడీఎఫ్‌లో, 43వ పేజీలో. ఎవరి గోడ మీదా లేదు.

ఉమ్మడి ఆంధ్రలో 2006 నుంచి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టారు గుర్తుందా? మస్టర్ రోల్ తెచ్చి ఊరి మధ్యలో పేర్లు పైకి చదివేవాళ్లు. "ఫలానా వాడు పనికి వచ్చాడా?" "వాడు చచ్చి రెండేళ్లయింది!" అని జనమే అరిచేవాళ్లు. ఈ కౌన్సిల్ రేట్లు కూడా ఏడాదికోసారి అలా పైకి చదివితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

#30 లక్షకు_ఒక్కటి_తక్కువ
#29 ఆ తనిఖీల్లో తేలిన డబ్బులో ఎంత వెనక్కి వచ్చిందో కూడా చెప్పు తమ్ముడూ. చదవడం వరకే. రికవరీ దగ్గరికొచ్చేసరికి ఫైలు నిద్రపోయేది. మా మండలంలో ఫీల్డ్ అసిస్టెంట్‌ని తీసేశారు, మళ్లీ ఆరు నెలలకు అతనే కనిపించాడు.

#31 అంగన్‌వాడీ_టీచర్_కొడుకు
#30 ఒప్పుకుంటా అన్నా. కానీ మరుసటి ఏడాది చచ్చినవాళ్ల పేర్లు తగ్గాయి. అదీ కొంత.

#32 దోసెపెనం
అయితే ఇక్కడ పైకి చదివే చోటే లేదా?

#33 రికర్షన్_రావు
#32 ఉంది. స్కూల్స్ ఫోరం. ఇంగ్లండ్‌లో దాదాపు ప్రతి పెద్ద కౌన్సిల్‌కీ చట్టప్రకారం ఒకటి ఉంటుంది. హెడ్ టీచర్లు, గవర్నర్లు, అకాడమీల వాళ్లు, ప్రైవేటు నర్సరీల తరఫున కనీసం ఒకరు. కౌన్సిల్ తన దగ్గర ఉంచుకునే ఆ నాలుగు శాతానికి వీళ్ల ఆమోదం కావాలి. నర్సరీల రేటు ఫార్ములా మీద వీళ్లను సంప్రదించాలి, చివరి నిర్ణయం మాత్రం కౌన్సిల్‌దే. సమావేశం ఎవరైనా వెళ్లి చూడొచ్చు, కాగితాలు ముందే వెబ్‌సైట్‌లో పెట్టాలి.

నేను ఒకసారి మా ఊరి ఫోరం ఆన్‌లైన్‌లో చూశాను. రెండు గంటల సమావేశం. బడుల బడ్జెట్ మీద గంటన్నర కొట్టుకున్నారు. చిన్నపిల్లల రేటు ఏడో అంశం, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నర్సరీల ప్రతినిధి రాలేదు, ఆమెకు ఆ రోజు స్టాఫ్ తక్కువయ్యారట. ప్రశ్నలు ఉన్నాయా అన్నారు, ఎవరూ మాట్లాడలేదు. పాస్.

#34 నర్సరీ_అక్క
#33 ఆ రాని ఆమె బాధ నాకు తెలుసు. ఒక మనిషి బయటికి వెళితే గదిలో ఇంతమంది పిల్లలకు ఒక మనిషి అనే లెక్క (రేషియో) తప్పుతుంది, గది మూసేయాలి. ఈ సమావేశాలేమో మధ్యాహ్నాలు పెడతారు.

#35 మినపసున్ని
కౌన్సిల్ "నర్సరీ ఇష్టం" అని చేతులు దులుపుకోవచ్చా అసలు?

#36 రికర్షన్_రావు
#35 ఏ నర్సరీనీ ఫలానా పిల్లను తీసుకోమని బలవంతపెట్టలేరు, అంతవరకు నిజం. కానీ 2006 చైల్డ్‌కేర్ చట్టం, ఆ తర్వాత 2016 చట్టం ప్రకారం అర్హత ఉన్న పిల్లలకు ఫ్రీ గంటలు అందేలా చూడాల్సిన బాధ్యత కౌన్సిల్ మీదే పెట్టారు. ఊళ్లో పని చేసే తల్లిదండ్రులకు సరిపడా సీట్లు ఉన్నాయా అని చూడటం కూడా వాళ్ల పనే. అక్కడ మాత్రం 'ఆచరణలో వీలైనంత మేరకు' అని ఒక కిటికీ వదిలారు, అందరూ అందులోంచే దూకుతారు. సీట్ల మీద ఏటా కౌన్సిలర్లకు నివేదిక ఇవ్వాలి, తల్లిదండ్రులు చూసేలా పెట్టాలి. నర్సరీ అడ్డగోలుగా చార్జీ వేస్తే కౌన్సిల్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, వాళ్లు తేల్చకపోతే ఆంబుడ్స్‌మన్ (కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి. 'అది నర్సరీ సంగతి' అనే సమాధానం అక్కడ నిలవదు.

దోసెపెనం, మీరు సమాచార హక్కు కింద ఒక మెయిల్ పెట్టండి. ఇక్కడా ఆర్‌టీఐ లాంటిదే ఉంది, 2000 నాటి చట్టం, 20 పని దినాల్లో జవాబివ్వాలి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కూడా అక్కర్లేదు. 'డబ్బు ఏం చేశారు' అని అడగొద్దు, వ్యాసం రాసి పంపుతారు. మూడే అడగండి. గత రెండేళ్లలో రెండేళ్ల పిల్లలకు సర్కారు ఇచ్చిన గంట రేటు, మీరు నర్సరీలకు ఇచ్చిన బేస్ రేటు. కంటింజెన్సీగా ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది. చివరి సీట్ల నివేదిక ఏ తేదీది.

#37 చలిపులి
నాలుగోది: మా అత్తగారికి మీ కౌన్సిల్‌లో ఉద్యోగం ఉందా. లెక్క అడగడంలో ఆవిడను మించినవాళ్లు లేరు.

#38 దోసెపెనం
అక్టోబర్ 8, రాత్రి 11కి పంపాను. పాప పడుకున్నాక.

#39 మినపసున్ని
ఈలోపు నాది. నర్సరీలో మళ్లీ అడిగాను. ఈసారి మేనేజర్ కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కుంది. మూడేళ్లు నిండాక 15 గంటలు వస్తాయట, వీసా అడ్డం కాదట. సారీ చెప్పింది. బాబు డిసెంబర్‌లో పుట్టాడు కాబట్టి వచ్చే ఏడాది కాక ఆపై జనవరి నుంచి. అప్పటిదాకా ఓపిక పట్టాలి, కనీసం తెలిసింది.

#40 కొబ్బరాకు
నాదీ చెబుతా. ఫారం ఇచ్చాను, 938 వస్తుందట. దాంతో సెన్సరీ టెంట్, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు కొంటారట. పక్కన మనిషికి అది చాలదు, దానికి మళ్లీ ప్యానెలే. కానీ వారం నుంచి ఫోన్ రాలేదు.

#41 వానలో_గొడుగు
#40 ఈ దారంలో చదివిన మంచి మాట ఇదే.

#42 దోసెపెనం
నవంబర్ 5. సరిగ్గా 20వ పని దినం. బయట బాణసంచా పేలుతుంటే మెయిల్ వచ్చింది.

బేస్ రేటు: సర్కారు ఇచ్చిన దానికీ నర్సరీకి ఇచ్చిన దానికీ గంటకు 80 పెన్నీల పైన తేడా. 96 శాతం నియమం పాటించాం అని పక్కనే రాశారు. రావు గారు చెప్పిన నాలుగు వాటాలూ అచ్చం అలాగే ఉన్నాయి. కంటింజెన్సీ: నిరుడు పెట్టిన దాంట్లో మూడో వంతు కూడా ఖర్చు కాలేదు. మిగిలింది 'గ్రాంట్ నిల్వకు బదిలీ'. ఇక సీట్ల నివేదిక: 2022 తేదీది. ఏటా ఇవ్వాల్సింది!

#43 ఆవకాయ_అంబాసిడర్
చుట్టాలు రాలేదు, అన్నం ఫ్రిజ్‌లో పెట్టారు.

#44 లక్షకు_ఒక్కటి_తక్కువ
మూడో వంతే ఖర్చయిందంటే జాగ్రత్తగా ఉన్నారని కూడా అనొచ్చు కదా. సెప్టెంబర్‌లో ఎంతమంది పిల్లలు వస్తారో వాళ్లకు మాత్రం ముందు ఎలా తెలుస్తుంది? తక్కువ పెట్టి ఉంటే ఏడాది మధ్యలో చేతులెత్తేశారని ఇక్కడే తిట్టేవాళ్లం.

#45 రికర్షన్_రావు
#44 మొదటి ఏడాది అయితే అది న్యాయమైన మాటే. రెండో ఏడాది కూడా అంతే పెట్టి, అంతే మిగిల్చి, బేస్ రేటు పెంచకపోతే జాగ్రత్త అనలేం. దోసెపెనం, రెండేళ్లవీ అడిగారు కదా, ముందటి ఏడాది?

#46 దోసెపెనం
ముందటి ఏడాదీ సగం మిగిలింది.

మా వార్డు కౌన్సిలర్ 'సర్జరీ'కి (జనాన్ని కలిసే వేళకు) వెళ్లాను, లైబ్రరీలో శనివారం. పెద్దాయన, మర్యాదస్తుడు. కాగితం రెండుసార్లు చదివి, "ఈ నివేదిక మాకు రావాలా?" అని నన్నే అడిగాడు. రావాలి సార్ అన్నాను. రాసుకున్నాడు.

నర్సరీ సంగతి: విడదీసిన ఇన్‌వాయిస్ అడిగాక 14 కాస్తా 6 అయింది, అదీ మా ఇష్టమే అని రాసి ఇచ్చారు. మంగళ, బుధ ఖాయం. మేనేజర్‌తో గొడవ ఏమీ లేదు. సమాచార హక్కు కింద వచ్చిన జవాబు కాపీ ఇస్తే ఆవిడే ఫొటో తీసుకుని వాళ్ల నర్సరీల వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

#47 నర్సరీ_అక్క
#46 పెట్టకుండా ఉంటుందా! అడగాలంటే మాకు భయం, మా బిల్లు పాస్ చేసేది వాళ్లే కదా. మీలాంటివాళ్లు అడిగితేనే బయటికి వస్తుంది.

#48 రికర్షన్_రావు
వచ్చే ఏడాది రేట్లు ఫోరం ముందుకు ఎప్పుడు వస్తున్నాయో చూశారా? కాగితాలు పెట్టాక, ముందుగా రాతపూర్వకంగా ఒక ప్రశ్న పంపండి. చాలా చోట్ల ప్రజల ప్రశ్నలు తీసుకుంటారు.

#49 దోసెపెనం
చూశాను. జనవరి 15, గురువారం, సాయంత్రం నాలుగున్నర. మాది ఎనిమిదో అంశం. ఆరు గంటల లోపు పాపను తెచ్చుకోకపోతే నర్సరీ లేట్ ఫీజు వేస్తుంది.

#50 వానలో_గొడుగు
#49 గురువారం మీకు నర్సరీ లేదుగా? మంగళ, బుధే కదా.

#51 దోసెపెనం
అవును కదా! అయితే పాపను ఒళ్లో పెట్టుకుని చూస్తాను. ఆన్‌లైనే.

#52 చలిపులి
మైక్ ఆన్‌లో ఉంచు బాసూ. ఎనిమిదో అంశం వచ్చేసరికి మీ పాప ఏడిస్తే మినిట్స్‌లో రాస్తారు.